పట్టేసిన కోటు

“మీ కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి ఉంది,” అన్నాడతను, పలకరింపుకు బదులుగా.

ఆమె గుమ్మంలోనే నిలబడి భుజం తడుముకుంది. ఆ ఉదయం కింది హాల్లో మోడల్స్‌ని ఎంపిక చేసినవాళ్ళు ఆమెను ఎంతో మర్యాదగా, నవ్వు ముఖాలతో వెనక్కి పంపారు. నవ్వకుండా తప్పు పట్టినవాడు ఇతనొక్కడే.

“మీ మర్యాద అంతకంటే కిందికి ఉంది,” అంది.

గదిలో కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“తప్పనలేదండీ. ఉందన్నాను. చాలామందికి ఉంటుంది. నాకూ ఉంది.”

“మీ లోపాల గురించి నేనడిగానా?”

బట్టలు తయారుచేసే ఆ కంపెనీలో అతను కటింగ్ మాస్టర్. ప్రపంచంలో ఏ గొడవైనా అంగుళం అటో ఇటో జరిపితే తీరిపోతుందని అతని నమ్మకం. అందుకే తోటివాళ్ళు అతణ్ణి ‘అంగుళం’ అనేవారు. ఆమె ర్యాంపు మీద నడవాలని వచ్చింది. ఎత్తు చాలదన్నారు. దిగులుగా మెట్లు దిగుతున్నదాన్ని కంపెనీ యజమానురాలు ఆపి, ఎగాదిగా చూసి, “ఎత్తు సంగతి అలా ఉంచు, కొలతలు మాత్రం మా మీడియం సైజుకి అచ్చుగుద్దినట్టున్నాయి. పైకెళ్ళి మాస్టర్‌ని కలువు,” అంది. ఆవిణ్ణి అందరూ మేడమ్ అనేవారు, ఆవిడ లేనప్పుడు కూడా.

“ఇంతకీ ఇక్కడ నేను చేయాల్సిందేమిటి?”

“శాంపిల్ వేసుకోవాలి. కూర్చోవాలి, వంగాలి, చేతులెత్తాలి. ఎక్కడ పట్టేస్తోందో, ఎక్కడ లాగుతోందో చెప్పాలి.”

“అంటే రోజంతా సణగడమేనా?”

“అంతే.”

“ఇలాంటి ఉద్యోగం ఒకటుందని తెలిస్తే మా అమ్మ ఎప్పుడో చేర్పించేది!”

ర్యాంపు మీది మోడల్‌ను లోకం చూస్తుంది. శాంపిల్ గదిలోని మోడల్‌ను ఎవరూ చూడరు. కానీ అంగట్లోకి వెళ్ళే ప్రతి దుస్తూ ముందుగా ఆమె ఒంటిమీద పరీక్షకు నిలబడాలి. ఆమె చెప్పినదాన్ని బట్టి కాగితం మీద గీత జరుగుతుంది. ఆ గీతను అనుసరించి వేల దుస్తులు కత్తిరిస్తారు. బట్ట తొడగడమే పనైతే కొయ్యబొమ్మ చాలు, దానికి జీతమూ అక్కర్లేదు. అయితే కొయ్యబొమ్మ చంకలో బిగుతుగా ఉందని చెప్పలేదు. మోడల్‌కు ఉండవలసింది అందమని సాధారణ అభిప్రాయం. ఆ గదిలో మాత్రం నోరుంటే చాలు.

ఆమెకు నోటికి కొదవలేదు.

“మెడ దగ్గర గుచ్చుకుంటోంది మాస్టారూ.”

“కాలరా? గుండుసూదా?”

“మీ చూపు.”

సూదుల డబ్బా నేల పాలైంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని వాటిని ఏరుకుంటుంటే, ఆమె కుర్చీలో కూర్చుని, అతను వదిలేసినవాటిని కాలి బొటనవేలితో చూపిస్తూ సహకరించింది.

ఎత్తు చాలదనిపించుకున్న ఆమెకు ఇంటి దగ్గర పేరు మాత్రం నిచ్చెన. పెట్టింది అమ్మే. వరండాలో తలమీద పుస్తకం పెట్టుకుని నడక సాధన చేస్తుంటే, “నిచ్చెనా, ఆ పుస్తకం నెత్తికెత్తుకునే బదులు చదివుంటే ఈపాటికి ఆఫీసరువయ్యేదానివే,” అనేది ఆవిడ. అంటూనే, కూతురు నడిచే దారిలోంచి బకెట్టు పక్కకు జరిపేది.

వానాకాలం వచ్చేసరికి ఇద్దరికీ కలిపి ఒకే గొడుగు మిగిలింది. రెండోది పోయిందని అతను చెప్పాడు. దాన్ని తన బీరువాలో తానే పోగొట్టుకున్నాడని గదిలో అందరికీ తెలుసు.

“గొడుగు నా నెత్తికి తగులుతోంది.”

“కాస్త వంగొచ్చుగా?”

“మోడల్స్ వంగరు.”

“ఎత్తు చాలదన్నారుగా నిన్ను?”

“వాళ్ళకి చాల్లేదు. నీకు ఎక్కువైంది.”

‘మీరు’లు ఆ వానలో ఎక్కడ కొట్టుకుపోయాయో ఇద్దరూ గమనించలేదు. గమనించనట్టే ఉన్నారు.

అతని చేతిలో కత్తెర ఎంత నిక్కచ్చిదో, ఆమె నోట మాట అంత నిక్కచ్చిగా ఉన్నన్నాళ్ళూ పని సవ్యంగానే సాగింది. అతను కత్తిరించిన ప్యాంట్లు నడుం దగ్గర జారుతున్నాయని ఆమె చెబితే, సాక్షాత్తూ మేడమే కట్ చేసినా ఇలాగే చెప్పేదానివా అని అతను ఉడుక్కునేవాడు. చెప్పేదాన్నే అనేది. ఆ సాయంత్రమే అతను కొత్త గీత గీసేవాడు. ఆ గీతే సరైనదయ్యేది. నిజం చెప్పినందుకు ఒకరినొకరు ఇష్టపడడమనేది లోకంలో అరుదు. వాళ్ళ విషయంలో అది జరిగింది.

చెడింది కూడా ఆ ఇష్టం వల్లనే.

ఒక రోజు మేడమ్ శాంపిల్ గదిలోకి వచ్చి, అంగళ్ళ నుంచి తిరిగొచ్చిన గౌన్లను అతని బల్ల మీద విసిరికొట్టింది. గుడ్డ నాసిరకమని, తప్పు కోతది కాదని అతను చెప్పబోయాడు.

“నీ సాకులు నీ దగ్గరే ఉంచుకో! ఈసారి చలికాలపు కోటు నీ చేతిలో పెడుతున్నాను. అదీ తిరిగొచ్చిందా, వేరే మాస్టర్‌ని చూసుకుంటాను.” ఆమె వైపు తిరిగి, “ఇది నిలబడితే, సీజన్ చివరి షోలో ఈ కోటు వేసుకుని ర్యాంపు మీద నడిచేది నువ్వే. ఎత్తు సంగతి నేను చూసుకుంటాను,” అంది.

మేడమ్ వెళ్ళిపోయాక అతను గౌన్లను ఒక్కొక్కటే మడతపెట్టాడు. అందరి ముందూ అతని చెవులు ఎర్రబడడం ఆమె చూసింది. అది మళ్ళీ చూడకూడదనుకుంది.

కోటు చూడముచ్చటగా వచ్చింది. నడుం దగ్గర సన్నగా, భుజం దగ్గర నిటారుగా ఉంది. అతను నిద్ర లేని కళ్ళతో ఆమెకు తొడిగి, గుండీలు పెట్టి, వెనక్కి జరిగాడు.

“ఎలా ఉంది?”

“చాలా బాగుంది.”

“చేతులెత్తు.”

ఊపిరి బిగబట్టి ఎత్తింది. చంకలో గుడ్డ కోసుకుపోతోంది. నవ్వింది.

“ఎక్కడా పట్టట్లేదా?”

“పట్టట్లేదు.”

చంక నుంచి ఛాతీ మీదికి ఏటవాలుగా ఒక ముడత పడింది. ముడత పడిందంటే గుడ్డ లాగుతోందని అర్థం. గుడ్డకు మొహమాటం ఉండదు. అతను ఆ ముడతను చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. ముడతను నమ్మితే కోటు మొత్తం విప్పి మళ్ళీ కుట్టాలి. ముఖాన్ని నమ్మితే ఇద్దరూ సాయంత్రం సినిమాకు వెళ్ళవచ్చు.

సినిమాకు వెళ్ళారు. దారి పొడుగునా ర్యాంపు మీద ఎలా నడవబోతోందో ఆమె నడిచి చూపించింది. అతను పక్క నుంచి చప్పట్లు కొట్టాడు. తెర మీద ఏం ఆడిందో ఇద్దరికీ గుర్తులేదు.

కోట్లు అంగళ్ళకు వెళ్ళాయి. కొన్నాళ్ళకు తిరిగొచ్చాయి. కొన్నవాళ్ళు పై అరలో డబ్బా అందుకోలేకపోయారు. బస్సులో కమ్మీ పట్టుకోలేకపోయారు. ఒకావిడ బిడ్డను ఎత్తుకోబోతే కుట్టు పర్రున చిరిగిందట.

మేడమ్ ఈసారి ఏదీ విసరలేదు. అదే భయం పుట్టించింది. కోటును బల్ల మీద పరిచి, ఆమెను పిలిచింది.

“వేసుకున్నప్పుడు నీకు పట్టలేదా?”

కుట్టేవాళ్ళ మీదకు నెట్టేయవచ్చు. అలా తప్పించుకున్నవాళ్ళు ఆ గదిలో లేకపోలేదు.

“పట్టింది మేడమ్.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే ఈయన్ని మళ్ళీ అందరి ముందూ తిట్టేవారు. నేను చూడలేను.”

మిషన్లన్నీ ఆగాయి. ప్రేమను ప్రకటించడానికి తోటలున్నాయి, సముద్రతీరాలున్నాయి. ఆమెకు దొరికింది సంజాయిషీ చెప్పుకునే చోటు. అయినా చెప్పేసింది. చెప్పి అతని వైపు చూసింది. గదిలో అందరూ అతని వైపే చూశారు. అతను మాత్రం చేతిలోని టేపును చుడుతున్నాడు.

“మాస్టర్, నీకేమీ కనబడలేదా?” అంది మేడమ్.

“పట్టట్లేదని ఆవిడే చెప్పింది మేడమ్.”

ఆ వాక్యంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు.

“వింటున్నావా?” అంది మేడమ్ ఆమెతో. “అందగత్తెలు నాకు వీధికొకరు దొరుకుతారు. నేను నిన్ను పెట్టుకున్నది ఉన్నదున్నట్టు చెబుతావని. ఇక నువ్వెళ్ళొచ్చు.”

ఆమె భుజాన సంచీ తగిలించుకుని మెట్లు దిగింది. మెల్లగా దిగింది. వెనక అడుగుల చప్పుడు వినబడితే ఆగడానికి వీలుగా.

వినబడలేదు.

మూడోనాడు అతను వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు అమ్మ తీసింది.

“అది ఇంట్లో లేదు బాబూ,” అని, కాస్త ఆలోచించి, “ఉన్నా లేదనమంది,” అంది. “ఏమైనా చెప్పమంటావా?”

లోపలి గదిలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. చెప్పవలసింది ఒకే ఒక్క వాక్యం, ఆ ముడతను తానూ చూశానని. 

“ఏం లేదండీ. ఊరికే వచ్చాను.”

ఆ తర్వాతి చలికాలానికి గాని అతనికి ధైర్యం రాలేదు. మేడమ్ గదికి వెళ్ళి, ఆ ముడతను ఆ రోజే చూశానని ఒప్పుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“నీలాంటి మాస్టర్‌కి ముడత కనబడకుండా ఉంటుందా? నాకప్పుడే తెలుసు. ఇద్దరిలో ఒకరిని పంపక తప్పలేదు. నీ చెయ్యి నాకవసరం. పోయి పని చూసుకో.”

నిజం చెబితే ఏదో జరుగుతుందనుకున్నాడు. ఏమీ జరగలేదు. అది అతణ్ణి మరింత బాధించింది. అప్పటికప్పుడే సెలవు పెట్టి, ఆమె పనిచేస్తున్న కొత్త కంపెనీ వీధికి వెళ్ళాడు. భోజనాల వేళ ఆమె బయటికొచ్చింది. ఇద్దరూ మాట్లాడుకుంటూ బస్టాపుదాకా నడిచారు.

“ఇక్కడ ర్యాంపు మీద కూడా నడిపించారు, విన్నావా?”

“విన్నాను. ఎలా ఉంది?”

“చాలా తేలిక. ర్యాంపు మీద నన్నెవరూ ఏమీ అడగరు.”

“ఆ ముడత నేను చూశాను,” అన్నాడతను.

“తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“అప్పటినుంచే. నీ కళ్ళు చంక దగ్గర ఆగి, తర్వాత పైకొచ్చాయి. నేను అబద్ధం ఆడాను. నువ్వు నమ్మినట్టు నటించావు. ఆ సాయంత్రం ఇద్దరం ఎంత హాయిగా ఉన్నామో గుర్తుందా?”

“మేడమ్‌కి చెప్పేశాను.”

“ఎప్పుడు?”

“ఇవాళ పొద్దున.”

ఆమెకు నవ్వాగలేదు. అతనూ నవ్వాడు. చూసేవాళ్ళకు ప్రేమికుల్లాగే ఉన్నారు.

“పెళ్ళి చేసుకుందామని అడగడానికి వచ్చాను. ముందు మీ ఇంటికే వెళ్ళాను. అమ్మగారు సంతోషించారు.”

“మా అమ్మ నన్ను వదిలించుకోవడానికి, అడ్రసు అడగడానికి వచ్చినవాడికైనా ఇచ్చి చేస్తుంది.”

“నువ్వేమంటావ్? ఇష్టమేనా, కాదా?”

“ఇష్టమే.”

అతని ముఖం వెలిగింది. ఆమె అది చూసి తల తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిరిగింది. ఈసారి అతని కళ్ళలోకే చూస్తూ చెప్పింది.

“ఇష్టమే కాబట్టి సరే అనేయాలనుంది. కానీ ఆ రోజు అంతమందిలో నువ్వొక్కడివే నన్ను చూడలేదు. మెట్ల మీద ఎంత నెమ్మదిగా దిగానో నీకు తెలియదు. రేపు ఇంట్లో ఏ చిన్న మాటొచ్చినా, నువ్వెటు చూస్తున్నావా అని నేను చూస్తుంటాను. రోజూ అలా కాపలా కాస్తూ బతకడం నా వల్ల కాదు మాస్టారూ.”

చెప్పినదంతా అతనికి అర్థమైంది. చివరన తిరిగొచ్చిన ‘మాస్టారూ’ అన్న పిలుపు మిగతాదంతా కలిపినదానికంటే స్పష్టంగా అర్థమైంది.

ఒక బస్సు వచ్చింది. కిటకిటలాడుతోందన్న వంకతో అతను ఎక్కలేదు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఆమె అతని అమ్మగారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగింది. పర్వాలేదన్నాడు. తర్వాతి బస్సు ఖాళీగా వచ్చింది. ఎక్కకుండా ఉండడానికి ఏదైనా కారణం దొరుకుతుందేమోనని అతను నిజాయితీగానే వెతికాడు.

కండక్టరు తొందరపెట్టాడు. అతను ఎక్కాడు.