ఎర్రపెన్ను వదిలేసిన మాట

"నీ గుండె గుండ్రాయిలా ఉంది, బాబూ! కడుపులో యాసిడ్ పైకి తన్నుకొస్తోంది, అంతే," అంది డాక్టరమ్మ రిపోర్టులు మూసేసి.

మూడు నెలలుగా ఛాతీలో మంట లేచిన ప్రతిసారీ ఇదే ఆఖరి రోజనుకున్న ప్రూఫ్ రీడర్‌కి ప్రాణం లేచొచ్చింది. ప్రెస్సులో అందరూ అతన్ని ఎర్రపెన్ను అంటారు. తోడొచ్చిన బైండింగ్ అమ్మాయి, వేళ్లకి జిగురు మరకలతోనే చప్పట్లు కొట్టేసింది.

"ఆగమ్మా. నిద్ర లేదు, ఎప్పుడూ దిగులు అంటున్నాడు. మంట వస్తే భయం, భయం వేస్తే మంట. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తున్నాయి. మాత్రలు రాస్తాను. కౌన్సెలర్‌ని కూడా కలవాలి."

బయట వాన. ఇద్దరూ మెట్ల మీద ఆగిపోయారు.

"కౌన్సెలర్ అంటే... నాకు పిచ్చనుకోరూ?"

"కళ్లజోడు పెట్టుకున్నావుగా, ఎవరైనా గుడ్డివాడన్నారా?"

అతను నవ్వాడు. ఆమె డైరీ తెరిచింది. ఏ రోజు ఏం తిన్నాడో, ఎప్పుడు మంట వచ్చిందో రాయమని డాక్టరమ్మ మొదట్లోనే చెబితే, ఈ అమ్మాయే కుట్టిచ్చిన డైరీ అది.

"మంగళవారం మంట. బుధవారం హాయి. శుక్రవారం మంట..." చదువుతుంటే ఆమె మొహం చిన్నబోయింది. "ఇవన్నీ నువ్వు సరిచూసిన అచ్చు ఫారాల కోసం నేను నీ గదికొచ్చే రోజులే. నేనంటే నీకంత పడదా? చెప్తే వేరేవాళ్లని పంపేదాన్నిగా!"

"అయ్యో, అది కాదు..."

"మరేంటి?"

అతను ఆ తేదీల పక్కన మార్జిన్‌లో వేలు పెట్టాడు. ఎర్రసిరాతో, ఇంటికప్పులా చిన్న గుర్తు. ఇక్కడో మాట వదిలేశారు, చేర్చండి అని దానర్థం. ప్రెస్సులో అది తెలియనివాళ్లుండరు. అలాంటివి పదకొండు ఉన్నాయి.

ఆమె లెక్కపెట్టింది. తర్వాత తలెత్తింది.

"ఏ మాట?"

"నువ్వు తలుపు తోసేదాకా నాలిక మీదే ఉంటుంది. నిన్ను చూడగానే మింగేస్తాను. కాదంటావేమోనని. ఔనంటే, ఈ రోగిష్టివాణ్ణి నీకు అంటగట్టినట్టవుతుందని."

"ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్దుతావు, నీ మాట మాత్రం వదిలేస్తావా? చెప్పు."

"నువ్వంటే నాకిష్టం."

ఛాతీలో కాస్త మండింది. కానీ ఈసారి అది చావులా అనిపించలేదు.

ఆమె అతని జేబులోంచి ఎర్రపెన్ను లాక్కుంది. ఇవాళ్టి తేదీ వేసి, పక్కన ఇంటికప్పు గుర్తు పెట్టి, దాని మీద 'నాకూ' అని రాసింది. తానే సిగ్గుపడి డైరీ టప్పున మూసేసింది.

"సరే, రేపటి సంగతి విను. పరగడుపునే మాత్ర. పదింటికి కౌన్సెలర్. నేను బయట బెంచీ మీదే ఉంటాను. పన్నెండింటికి మా నాన్న దగ్గరికి."

"మీ నాన్నా! నాకు ఇప్పట్నించే భయమేస్తోంది."

"తెలుసు. అందుకేగా కౌన్సెలర్‌ని ముందు పెట్టాను!"