ఖండించిన కొద్దీ

2080 నాటికి న్యాయ విశ్వవిద్యాలయంలో ఎవరి వ్యాసం ఎంత గొప్పదో మనుషులు చెప్పడం మానేశారు. ఆ పని ప్రభావదర్శినిది. తీర్పులన్నీ, లా జర్నళ్లన్నీ చదివి, ఒక ఆలోచన ఎవరి బుర్రలో పుట్టి, ఎవరెవరి ఫుట్‌నోట్ల మీదుగా ఏ కోర్టు దాకా నడిచిందో గోడ మీద వెలుగుదారులుగా గీసి చూపించే యంత్రం అది. జర్నల్ ప్రధాన సంపాదకుడి కుర్చీ ఎవరికివ్వాలో కూడా ఏటా అదే తేలుస్తుంది.

ఈసారి గోడ నిండా తోటి ప్రొఫెసర్ ప్రభంజన్ పేరే, కుర్చీ కూడా ఆయనకే. ప్రొఫెసర్ హైమవతికి ఒళ్లు మండిపోయింది. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. చంద్రుడి మీద స్థలాల హక్కు గురించి ఆయన రాసింది ఒక్క వ్యాసం, అదీ తప్పుల తడక. ఈవిడ రాసినవి బోలెడు. అయినా పెద్ద కోర్టు దాకా ఎక్కింది ఆయన పేరు!

"ఏం చూసి ఇతన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు?" అని యంత్రాన్నే నిలదీసింది.

"దారుల్ని వెనక్కి నడిపిస్తాను, చూడండి మేడం."

వెలుగులు కోర్టు నుంచి లాయర్లకు, లాయర్ల నుంచి విద్యార్థులకు వెనక్కి ముడుచుకుంటూ వచ్చి, అన్నీ హైమవతి పేరు దగ్గరే ఆగాయి.

"ఇదేంటి?"

"ఆ వ్యాసాన్ని మొదట్లో ఎవరూ చదవలేదు. మీరు ఖండించారు. ఖండించినప్పుడు ఎదుటివారి పేరు ఫుట్‌నోట్‌లో వెయ్యాలి కదా! మీరంతగా విరుచుకుపడుతున్నారంటే అందులో ఏదో ఉందని జనం వెతుక్కుని చదివారు. మీరు మళ్లీ ఖండించారు."

అంటే ఇన్నేళ్లూ తనే చేజేతులా వాణ్ని పల్లకీ ఎక్కించి మోసిందన్నమాట!

"ఇప్పుడేం చెయ్యను?"

"వచ్చే ఎంపిక దాకా ఆయన పేరెత్తకండి. ఆ దారులు వాటంతటవే ఆరిపోతాయి. కుర్చీ మీకే దక్కుతుంది."

"అంతేనా! ఆ మాత్రం నోరు కట్టుకోలేనా?"

కట్టుకుంది కూడా. నెలలు గడిచేకొద్దీ ప్రభంజన్ పేరు మసకబారింది. ఎంపికకు ఇంకో వారమే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఆయన కొత్త వ్యాసం అచ్చయింది. చదవకూడదనుకుంటూనే తెరిచింది హైమవతి. మూడో పేరాలోనే ఘోరమైన తప్పు!

"ఆగండి మేడం, ఎవరో ఒకరు ఖండిస్తారు," అంది యంత్రం.

"ఎవరో ఒకరా?" ఆవిడ మొహం జేవురించింది. "ఎవరది? వాడి తప్పులు నాకంటే బాగా ఇంకెవరికి తెలుసు?"

"మేడం, కుర్చీ..."

"పోతే పోనీ!" అంటూ రాయడానికి కూర్చుంది. మొదటి వాక్యం ప్రభంజన్ పేరుతోనే మొదలైంది.