పలకని పలక

ఇంకా ఆరు కాలేదు. దయామణి అటక మీది రెక్సిన్ బ్యాగు దించి, దుమ్ము దులిపి, మంచం మీద పెట్టింది. రెండు పంచెలు, రెండు బనియన్లు, తువ్వాలు, బీపీ మాత్రలు, కంట్లో వేసుకునే చుక్కల మందు సర్దింది. నాలుగు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి, పక్కనే మిరపకాయల కారం డబ్బా ఇరికించింది. అన్నిటికీ అడుగున, కాగితంలో చుట్టిన చిన్న సుత్తి. ఒక్కో వస్తువు పెట్టేటప్పుడు ఆమె చేతులు ఆగి ఆగి కదిలాయి. ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా ఆమెకు అంతే. సంతకు పోయే మనిషిని కూడా వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడుతుంది.

"ఇంకెంతసేపు మణీ? రైలు పోతాది," వరండాలోంచి జ్ఞానయ్య కేకేశాడు.

"పోతే ఇంకోటి వస్తాది. కన్ను ఆపరేషనై నెల కాలేదు, ఈయనకు నంద్యాల ప్రయాణం!"

"కన్నుతో పనేముంది? నేను పోయేది రాళ్ళు వినేదానికి."

ఆ మాట నిజమే. మార్కాపురంలో పలక రాయి కోసే షెడ్లు చాలా ఉన్నాయి. జ్ఞానయ్య షెడ్డు పద్ధతి వేరు. ప్రతి బండనూ లారీకి ఎక్కించేముందు సుత్తితో ఒకసారి తట్టాలి. ఖంగుమంటే మంచి రాయి. దాన్ని పనివాళ్ళు 'పలికే పలక' అంటారు. టప్పుమని ఊరుకుంటే లోపల పగులున్నట్టు. 'పలకని పలక'ను పక్కన పారేయాలి. ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డు నుంచి పలకని పలక ఒక్కటి కూడా బయటికి పోలేదు.

ఈ నెలలో పోయింది. జ్ఞానయ్య కంటికి కట్టుతో మంచంలో ఉన్నప్పుడు కొడుకు జీవన్ కుమార్ షెడ్డు చూసుకున్నాడు. నంద్యాల కాంట్రాక్టరు రంగయ్య కట్టే బడి వరండాకు ఒక లోడు పంపాడు. రెండో లోడు షెడ్డులో సిద్ధంగా ఉంది. నిన్న సాయంత్రం కట్టు తీసేసిన జ్ఞానయ్య అలవాటుకొద్దీ నాలుగు రాళ్ళు తట్టాడు. అందులో ఒకటి పలకలేదు. తిరగేసి వేలితో తడిమితే పగుల్లో రాతిపొడి కలిపిన జిగురు తగిలింది. పైన నున్నగా పాలిష్. చూపుకు ఏమీ తెలియదు.

ఆయన అరవలేదు. అన్నం తినకుండా పడుకుని, తెల్లారగానే బ్యాగు సర్దమన్నాడు.

చెప్పులు వేసుకుంటుండగా జీవన్ షెడ్డు వైపు నుంచి వచ్చాడు. వెనకే అతని భార్య జెస్సీ, చేతిలో కాఫీ గ్లాసులతో.

"యాడికి నాయనా?"

"నంద్యాలకు. ఆ లోడులో ప్రతి రాయీ తట్టి చూస్తా. పలకనివి తీసేసి, మంచివి మనమే పంపుతామని రంగయ్యకు చెప్తా."

జీవన్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అంటే మేం మోసం చేసినామని నీ నోటితో నువ్వే చెప్తావా?"

"చేసినాం కదరా. ఇంకేం చెప్పాల?"

"ఊర్లో అందరూ జిగురు పూస్తానే ఉండారు. మనమొక్కరమే హరిశ్చంద్రులమా?"

"ఊర్లో అందరి పేరూ మన బోర్డు మీద రాయలేదులే."

"బోర్డు!" జీవన్ గొంతు లేచింది. "టైల్స్ కంపెనీలోళ్ళు వారంలో సరుకు దించిపోతాండారు. మనం నెల ఆలస్యమైతే ఆ రంగయ్య మన మొగం చూస్తాడా? ఆయన నోరు తెరిస్తే గిద్దలూరు దాకా పాకుతాది. రేపు షెడ్డుకు తాళమేస్తే పన్నెండు మంది పనోళ్ళకు ఎవరు పని చూపిస్తారు, నీ సుత్తా?"

"బళ్ళో పిల్లోళ్ళు ఉత్తకాళ్ళతో పరిగెత్తుతారురా. ఆ రాయి విరిగి లేస్తే కత్తే."

"ఏమో! నాకు తెలీదు. నువ్వు పోయేదుంటే పో. పోతే మాత్రం మళ్ళా ఈ షెడ్డులో కాలు పెట్టొద్దు."

జెస్సీ గ్లాసులు కింద పెట్టేసింది. జ్ఞానయ్య బ్యాగు భుజాన వేసుకున్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడి వినే మనిషి, ఎప్పుడూ మగవాళ్ళ మాటల్లోకి రాని మనిషి, దయామణి గబగబా వచ్చి వీధి తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఏందే ఇది? తప్పుకో," అన్నాడు జ్ఞానయ్య.

"తప్పుకోను. ఆ మాట మీద ఎవరూ ఈ గడప దాటేది లేదు. జెస్సీ, షెడ్డులోంచి ఆ జిగురు బండ ఒకటి పట్రామ్మా."

జెస్సీ పెరటి దారిన పరుగున పోయి తెచ్చింది. దయామణి భర్త భుజానున్న బ్యాగులోంచి సుత్తి తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"కొట్టు."

"అమ్మా..."

"కొట్టరా. ఏడేళ్ళప్పుడు కళ్ళకు గుడ్డ కట్టుకుని, ఏది పలికేదో ఏది పలకనిదో చెప్పి మీ నాయన దగ్గర బెల్లంముక్క తీసుకున్నోడివి. ఇప్పుడు చెప్పు, ఇదేంది?"

జీవన్ కొట్టాడు. టప్పుమంది. ఇంకోసారి కొట్టాడు, ఈసారి మెల్లగా. అదే చప్పుడు. సుత్తి కింద పెట్టేశాడు.

"జిగురు కంటిని మోసం చేస్తాది గానీ చెవిని చెయ్యలేదు నాయనా," అంది దయామణి. గొంతు ఇప్పుడు మెత్తబడింది. "నువ్వు దొంగవు కాదు. భయపడినావు. కాలం కాని వానకు గనిలో నీళ్ళు నిండినాయి, మంచి రాయి దొరకలేదు, రంగయ్య రోజూ ఫోన్లు చేసినాడు. నేను విన్నాను. భయమేసినోడు ఇంట్లో చెప్పాల. నాకు చెప్పినా సరిపోయేది కదా!"

జ్ఞానయ్య ఏదో అనబోయాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"నువ్వేం తక్కువ తిన్నావు? నెలరోజులు మంచంలో ఉంటివి. గని ఎట్లుందిరా, నీకెట్లుందిరా అని ఒక్కపూటన్నా అడిగినావా? రాయిని తట్టి చూస్తావు. బిడ్డను తట్టి చూసినావా?"

జ్ఞానయ్య నెమ్మదిగా బ్యాగు కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

"అడగలేదురా," అన్నాడు కొడుకుతో. "నిజమే. అడగలేదు."

జీవన్ కళ్ళు తుడుచుకున్నాడు. "నా నోటికి ఏదొస్తే అది అన్నా నాయనా. షెడ్డు నీది. నువ్వు రాకుంటే నాకెందుకది? నువ్వుండు, నేను పోయి చెప్పొస్తా. చేసినోణ్ణి నేను."

"ఒక్కడివే పోతే ఆయన కొడతాడురా. ఇద్దరం పోదాం. ఇద్దరికీ చెరొక దెబ్బ సర్దుకుంటాం."

జెస్సీ ఏడుస్తూనే పక్కున నవ్వింది. "ఆరిపోయిన కాఫీ తాగి పోండి మామా. దెబ్బలు తినేదానికైనా ఓపిక కావాల కదా!"

దయామణి గొళ్ళెం తీసింది.

వాళ్ళు నాలుగో రోజు వచ్చారు. రంగయ్య కొట్టలేదు గానీ గంటసేపు తిట్టాడట. ఆయన పుట్టింది గొర్రెలు మేపే ఇంట్లో. తిట్టి తిట్టి అలిసిపోయి, "రోగమున్న గొర్రెను అమ్మినోడు వారం తర్వాత ఇంటికొచ్చి చెప్పేది నేనెన్నడూ చూళ్ళేదు" అన్నాడట. తండ్రీకొడుకులు మూడు రోజులు నేల మీద కూర్చుని లోడంతా తట్టారు. నూటపదకొండు రాళ్ళు పలకలేదు. గనిలో నీళ్ళు తగ్గాక మంచి రాయి తీసి అన్నీ మార్చి ఇచ్చారు. రెండో లోడు ఆలస్యమవుతుందని రంగయ్య ఆ ఆర్డరు వేరేవాళ్ళకు ఇచ్చాడు. ఆ వేసవి షెడ్డులో పని సగం రోజులే నడిచింది. దయామణి చెవి కమ్మలు బ్యాంకుకు పోయాయి.

దసరా తర్వాత రంగయ్యే ఫోన్ చేశాడు. ఇంకో బడి కడుతున్నాడట. "మీ రాయి నేను తట్టి చూడను, పంపండి" అన్నాడు. అప్పటినుంచి ఆరేళ్ళలో ఆయన చెప్పగా వచ్చినవాళ్ళతోనే షెడ్డు నిండింది. ఇప్పుడు అక్కడ ముప్పైమంది పనిచేస్తున్నారు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారం జీవన్ రాయి కోయడం నేర్పడు, వినడం నేర్పుతాడు. గనిలో నీళ్ళు నిండితే ఫోన్ తీసి, "నెల పడుతుంది, ఆగలేనంటే వేరేచోట తీసుకోండి" అని తనే చెప్పేస్తాడు. చాలామంది ఆగుతారు.

మొన్న ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్ళు వరండాలో కూర్చుని వేరుశనగకాయలు వలుస్తున్నారు. జెస్సీ ఉన్నట్టుండి అడిగింది.

"అత్తా, ఆ పొద్దు అంత ధైర్యం నీకు ఎట్లొచ్చింది? తలుపుకు అడ్డం నిలబడితివే!"

దయామణి చేతిలోని కాయ వలవకుండానే కింద పెట్టింది.

"ధైర్యం కాదమ్మా. భయం. మా పుట్టింట్లోనూ పలకల పనే. బడిపిల్లోళ్ళ పలకలు, చెక్క చట్రం వేసేవి. ఒకసారి మా నాయన పగిలిన పలకలు మంచివాటి నడుమ కట్టి అమ్మినాడు. మా అన్న దానియేలు, కొన్నోళ్ళకు చెప్పొస్తానని లేచినాడు. పోతే మళ్ళా రావద్దన్నాడు మా నాయన. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. పొయ్యి దగ్గర కూర్చుని అంతా విన్నా. తలుపు నాకు నాలుగడుగుల దూరం. లేవలేదు."

"తర్వాత?"

దానియేలు 1984 మే మూడో తేదీ, గురువారం పొద్దున ఇల్లు వదిలి పోయాడు. తిరిగి రాలేదు.