ఊనా గుమ్మడి గింజలు

ఏప్రిల్ నెల ఆదివారం పొద్దున రోవీనా పుట్టింటికి వచ్చేసరికి, వాళ్ళ నాన్న డెస్ వంటింటి బల్ల ముందు కూర్చుని చిన్న చిన్న కాగితపు కవర్ల మీద ఏదో రాస్తున్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, టాస్మేనియా దీవిలోని హ్యూన్ లోయలో యాభై ఏళ్ళు ఆపిల్ తోటలు పెంచినవాడు, బడిపిల్లాడిలా నాలుక కొస బయటపెట్టి మరీ రాస్తున్నాడు.

“ఏంటి నాన్నా ఇవి?”

“గింజలకి. చర్చిలో అందరికీ పంచుదామని. ‘ఊనా గుమ్మడి’ అని మీ అమ్మ పేరే పెట్టాను. ఆ కత్తి ఇలా అందుకో, కాయ కోద్దాం.”

రోవీనా కత్తి తీసింది గానీ ఆయన చేతికివ్వలేదు.

ఊనా పోయి పది నెలలైంది. అక్కడి చలికి మామూలు గుమ్మడి పండేలోపే మంచు కాటేస్తుందని, ఆమె ఏటా తొందరగా కాపుకొచ్చే హైబ్రిడ్ రకం విత్తనాలు కొని వేసేది. బూడిదరంగు తొక్క, లోపల పండు పసుపు. ఆమె చేత్తో కోసిన ఆఖరి కాయ గింజల్ని డెస్ దాచుకున్నాడు. కిటికీ దగ్గర మొలకెత్తించి, అక్టోబర్ చివర్లో వచ్చే షో డే సెలవు దాటాక పదకొండు మొక్కలు నాటాడు.

హైబ్రిడ్ కాయ గింజ వేస్తే తల్లిలాంటి కాయ రాదని రోవీనాకు తెలుసు. ఊనా గుమ్మడి కోసం ఎదురుచూసే మనిషి ముందు ఏ వంకర కాయో పుడితే ఆయన తట్టుకోలేడనుకుంది. నవంబర్లో ఆయన కంటి ఆపరేషన్‌కని హోబర్ట్ పట్నం వెళ్ళిన రెండు రోజుల్లో మొక్కలన్నీ తీసేసి, నర్సరీ నుంచి ఊనా వేసే రకం నారే తెచ్చి నాటేసింది. మహా ఘనకార్యం చేశాననుకుంది. తీరా కాయలు చూసి ఆయన మురిసిపోయిన ప్రతి ఆదివారమూ ఆమెకు తిండి సహించలేదు.

“నాన్నా, ఆ కవర్లు ఆపు. అవి అమ్మ గింజలు కావు. మొక్కలు నేనే మార్చేశాను.”

డెస్ కలం కింద పెట్టాడు.

“అయిదు నెలలు పట్టింది నీకా ముక్క అనడానికి.”

“నీకు... తెలుసా?”

“ఆపిల్ రైతునే నేను! గింజ వేస్తే తల్లి కాయ రాదనే కదా జీవితమంతా కొమ్మకి కొమ్మ అంటు కట్టి బతికాను. పదకొండు పాదులూ అచ్చుగుద్దినట్టు ఒకటే కాయ కాస్తే నాకు తెలీదా? ఇవాళైనా నోరు విప్పుతావేమోనని పొద్దుట్నుంచీ ఈ కవర్లు ఖరాబు చేస్తున్నా.”

“మరి రాదని తెలిసీ ఎందుకు వేశావు?”

“ఏం వస్తుందో చూద్దామనే!” ఆయన బల్ల మీద చరిచాడు. “నన్ను ఒక్క మాట అడిగావా? మీ అమ్మ పోయిన కాణ్ణించీ నా టీలో చక్కెర దగ్గర్నుంచీ అన్నీ నువ్వే తేల్చేస్తున్నావు. పసివాణ్ణి చేసి కూర్చోబెట్టావు.” కవర్లు పక్కకి తోశాడు. “నా మొక్కల్ని ఏం చేశావే? చెత్తకుప్పలో పారేశావా?”

రోవీనా బయటికెళ్ళింది. చెప్పే ధైర్యం లేక రెండు వారాలుగా కారు డిక్కీలో తిప్పుతున్న బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది.

“పారెయ్యడానికి చేతులు రాలేదు. మా ఇంటి కంచె పక్కన నాటాను. నత్తలు తినగా మిగిలినవాటికి మూడే కాయలు కాశాయి.”

ఒకటి నారింజ రంగులో ఒళ్ళంతా బొడిపెలు. ఒకటి సొరకాయంత పొడుగు, పాలిపోయి ఉంది. మూడోది ముదురాకుపచ్చ, చేత్తో అణిచినట్టు చదును. డెస్ చాలాసేపు వాటిని తడిమి చూశాడు. కోపం ఎటు పోయిందో పోయింది.

“ఈ బొడిపెలది ఎవరి పోలికే? మీ మేనత్తదా?”

“అత్తకి చెప్తానుండు.”

మూడింటినీ తొక్కతోనే ముక్కలు కోసి, వెన్న రాసి, గొర్రె మాంసంతో పాటు ఓవెన్లో పెట్టారు. మధ్యాహ్నం ముందుగా బొడిపెలది రుచి చూశారు. ఒట్టి నీళ్ళు. పొడుగుది పీచు.

“మీ అమ్మయితే దీన్ని కోళ్ళకి పడేసేది,” అన్నాడు డెస్.

మూడోది నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. రోవీనా కూడా ఓ ముక్క తిన్నది. చిలగడదుంపలా పొడిపొడిగా, తియ్యగా, చివర్లో మిరియం తగిలినట్టు చిన్న ఘాటు. తలెత్తి చూస్తే ఆయన చెంపల మీద నీళ్ళు.

“అమ్మ గుమ్మడిలా ఉందా నాన్నా?”

“లేదు. అస్సలు లేదు.” ఆయన ముక్కు తుడుచుకున్నాడు. “ఈ పది నెలలూ మీ అమ్మవన్నీ పాతవే తల్లీ. పాత ఫోటోలు, పాత కోట్లు, తలుచుకున్న మాటే మళ్ళీ మళ్ళీ. ఇంక తన దగ్గర్నుంచి నాకు కొత్తగా ఏదీ రాదనుకున్నాను. ఇది కొత్తదే. నేనెప్పుడూ తినలేదు.”

 రోవీనా కుర్చీ జరుపుకుని ఆయన భుజానికి తల ఆనించింది. ఆయన పళ్ళెంలో మిగిలిన ముక్కని ఫోర్కుతో రెండు చేసి, పెద్దది ఆమె వైపు తోశాడు.

“తిను. చల్లారిపోతుంది.”