ఐదు నిమిషాల గడువు

"గీ కంప్యూటర్ పెట్టిన మహానుభావుడు మీరేనా?"

తడిసిన గొడుగు ముడుస్తూ మెట్లెక్కిన నగేశ్‌కు బాన్సువాడలో దొరికిన మొదటి స్వాగతం అది.

2007 ఆగస్టు నెల. డాక్టర్ శాంతకుమారి గారి దవాఖానలో పేషెంట్ల వివరాలు ఎక్కించుకునే ప్రోగ్రాం రాసింది నగేశే. మద్నూర్ దగ్గర కూలి చేసుకునే పోచన్న కొడుకు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. నిజామాబాద్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి ఎనిమిది నెలలైంది, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. "కంప్లయింట్ వచ్చింది, పోయి చూడు" అని మేనేజర్ సాంబమూర్తి చెప్పగానే పొద్దున్నే బస్సెక్కాడు.

బయట వాన సన్నగా పడుతోంది. కౌంటర్ వెనకున్న అమ్మాయి కళ్లల్లో మాత్రం ఉరుములూ మెరుపులూ తయారుగా ఉన్నాయి.

"నేనేనండి. నగేశ్."

"నేను భాగ్యశ్రీ. కుర్చేసుకొని కూసోండ్రి సార్. నేను చెప్తే నమ్మరు, మీ కండ్లతోని చూడుండ్రి."

వరుసలో ముందున్న ముసలామె ముత్తవ్వ. భాగ్యశ్రీ పేరు అడగలేదు. "తిన్నవా అవ్వా?" అని మొదలుపెట్టింది. తిన్నదేంటో, కోడలు వండిందో లేదో తేలాక ఊరు, వయసు వచ్చాయి. తర్వాత భర్త పేరు.

ముత్తవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మొగని పేరు చెప్తరా బిడ్డా? తప్పు."

"మరి నేనెట్ల రాయాలె?"

"లంకకు నిప్పు పెట్టినోని పేరు."

"హన్మంతునా?"

"ఇంకింత పొడుగుంటది."

"హన్మాండ్లా?"

ముత్తవ్వ సిగ్గుపడి తలూపింది. భాగ్యశ్రీ టైప్ చేసి సేవ్ నొక్కబోయేలోపే ఫారం మాయమైంది. దాని చోట పేరు, పాస్‌వర్డ్ అడుగుతూ మొదటి పేజీ వచ్చి నిలబడింది.

"చూసిండ్రా? పొద్దున్నుంచి ఇది ఏడోసారి. అవ్వను మళ్ల లంక దాకా తోల్కపోవాల్నా?"

వరుసలో వాళ్లు పకపకా నవ్వారు. నగేశ్ చెవులు ఎర్రబడ్డాయి.

"అది సెషన్ టైమౌట్ అండి. సేవ్ నొక్కేదాకా మీరు టైప్ చేస్తున్నరని సర్వర్‌కు తెలవదు. ఐదు నిమిషాలు చూసి, కుర్చీలో ఎవరూ లేరనుకొని బయటికి పంపుతది."

"ఐదు నిమిషాలని ఎవరు చెప్పిండ్రు?"

"నేనే పెట్టిన. ఫారం నింపి చూస్తే నలభై సెకన్లే పట్టింది."

"ఎవరి వివరాలు?"

"నావే."

"మీకు పెండ్లయిందా సార్?"

"లేదండి."

"అందుకే!"

ఈసారి ముత్తవ్వ కూడా నవ్వింది.

ఆ గడువు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో నగేశ్ ఓపిగ్గా చెప్పాడు. మీరు లేచి అటు పోయినప్పుడు తెర తెరిచే ఉంటే, ఎవరి రోగం సంగతి ఎవరైనా చదవొచ్చు అన్నాడు. "ఎవరు చదువుతరు సార్? అందరు మనోళ్లే" అంది భాగ్యశ్రీ. "గీ వానల గీళ్లందరు ఇట్ల నిలవడితె మీకు మంచిగనిపిస్తుందా?"

మంచిగా అనిపించలేదు. గడువు మార్చాలంటే సాంబమూర్తిని అడగాలి. అడిగితే సవాలక్ష ప్రశ్నలు. నగేశ్ కీబోర్డ్ దగ్గరికి లాక్కుని ఐదు నిమిషాలను రెండు గంటలు చేసేశాడు. మధ్యాహ్నానికి వరుస కరిగిపోయింది. భాగ్యశ్రీ స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి చేతికిచ్చి నవ్వింది. అవ్వలు నిలబడలేకపోతున్నారనే మార్చానని అతను తనకు తాను చెప్పుకున్నాడు. అందులో సగమే నిజం. మిగతా సగం ఆ నవ్వు వస్తుందన్న ఆశ.

నిజామాబాద్ చేరాక మేనేజర్‌కు ఆ సంగతి చెప్పలేదు.

రెండు రోజులకోసారి ఆఫీసు ఫోన్ మోగేది.

"సార్, కంప్యూటర్ మంచిగ నడుస్తుంది."

"మరి ఫోనెందుకు చేసిండ్రు?"

"మంచిగ నడుస్తుందని చెప్పనీకె. ఖరాబైతెనే చెయ్యాల్నా ఏంది?"

మూడో సోమవారం వచ్చిన ఫోన్‌లో భాగ్యశ్రీ గొంతులో ఆ హుషారే లేదు.

"సార్... నన్ను రేపటి నుంచి రావద్దంటున్నరు."

జరిగింది ఇది. నీల అనే అమ్మాయి ఏడాది కింద టీబీకి మందులు వాడింది. పూర్తిగా నయమైంది. ఒకసారి చూపించుకుందామని వచ్చింది. ఆమె డాక్టరమ్మ గదిలోకి వెళ్లాక, వివరాలు ఇంకా తెర మీద ఉండగానే గేటు ముందు ఆటో ఆగింది. అందులో నొప్పులు పడుతున్న గర్భిణి. భాగ్యశ్రీ పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి పావుగంట. ఈలోగా వరుసలో ఉన్న దేవిదాస్ కౌంటర్ మీదికి వంగి మొత్తం చదివాడు. నీలకు కుదిరిన పెళ్లికొడుకు అఖిలేశ్‌కు అతను స్వయానా మేనమామ. సాయంత్రానికల్లా "పిల్లకు బీమారుందట" అన్న మాట పెళ్లివారింటికి చేరింది. నిశ్చితార్థం ఆగిపోయింది. నీల తండ్రి దవాఖానకొచ్చి, నా బిడ్డ సంగతి ఎవరు బయటపెట్టిండ్రని నిలదీశాడు.

నగేశ్ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. నోరు మూసుకుంటే ఉద్యోగం మిగులుతుంది. కుర్చీ వదిలి వెళ్లింది భాగ్యశ్రీయే కదా అని అందరూ అనుకుంటారు. పర్మనెంట్ కాగితం కోసం నాన్న ఎదురుచూస్తున్నాడు. కానీ ఆ అమ్మాయి పరుగెత్తింది ఒక ప్రాణం కోసం. ఐదు నిమిషాల గడువు ఉండి ఉంటే దేవిదాస్ చదవడం మొదలుపెట్టిన కాసేపటికైనా తెరకు తాళం పడేది.

మర్నాడు బాన్సువాడ వెళ్లి, భాగ్యశ్రీని కూడా రమ్మని, డాక్టరమ్మ గదిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"మేడం, గడువు పెంచింది నేను. మా మేనేజర్‌ను అడగలే, మీకు చెప్పలే. తప్పు నాది."

"నేను పోరు పెడితెనే పెంచిండు మేడం," భాగ్యశ్రీ అడ్డుపడింది. "ఆయననేమనకుండ్రి."

"మీరు ఊకోండ్రి."

"మీరే ఊకోండ్రి! కుర్చీ నాది."

"ఇద్దరూ ఊకోండి," అంది శాంతకుమారి. ఫోన్ తీసి సాంబమూర్తికి కలిపి నగేశ్ చేతికిచ్చింది. అతను మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. అంతా విని సాంబమూర్తి అడిగాడు.

"అడిగితే తిడ్తననుకున్నవా?"

"అవును సార్."

"తిట్టేటోన్నే. కానీ దారి కూడా చెప్పేటోన్ని కదా బాబూ. సరే, అక్కడి నుంచి కదలకు. అది సరిచేసినంకనే బస్సెక్కు. ఇంకోసారి దాచినవంటే ఇగ రానే రాకు."

నగేశ్ కళ్లు తుడుచుకోవడం చూడనట్టు డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది. "భాగ్యశ్రీ, నువ్వు కౌంటర్‌కు పో. కానీ ముందు ఇద్దరూ నీలతో మాట్లాడాలి."

నస్రుల్లాబాద్ దారిలో ఉంది నీల ఇల్లు. ఇద్దరూ తలవంచుకుని క్షమాపణ అడిగారు. నీల ఏడవలేదు.

"నాకు బీమారొచ్చి నయమైందని ఆయనకు నేనే చెప్దామనుకున్న సార్. చెప్పే వంతు నాది. మీ కంప్యూటర్‌ది కాదు."

ఆ మాట నగేశ్ గుండెలో నాటుకుపోయింది.

తర్వాత నాలుగు రోజులు అతను కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భాగ్యశ్రీ గోడ గడియారం చూసి చెప్పేది, అతను రాసుకునేవాడు.

"ఈ తాతకు నాలుగు నిమిషాలు. గా అవ్వకు పదకొండు. రాసిండ్రా?"

"అవ్వకు పదకొండెందుకు?"

"మొగని పేరు కాడ ఆరు నిమిషాలు నవ్వింది."

గడువు పెద్దదా చిన్నదా అన్నది అసలు ప్రశ్న కాదని మూడో రోజుకు ఇద్దరికీ తెలిసింది. మనిషి కూర్చుని పని చేస్తుంటే ఎంతసేపైనా ఆగాలి, లేచిపోతే వెంటనే మూయాలి. నగేశ్ అట్లాగే రాశాడు. ఫారంలో నింపిన ప్రతి గడీ అప్పటికప్పుడే సర్వర్‌కు చేరుతుంది. రెండు నిమిషాలు ఏ మీటా నొక్కకపోతే "ఉన్నారా?" అని అడుగుతుంది. ఇంకో నిమిషం చూసి తెర మూసేస్తుంది. మళ్లీ పాస్‌వర్డ్ కొడితే ఆపిన చోటికే తీసుకెళ్తుంది. కుర్చీలోంచి లేస్తూ నొక్కడానికి ఒక మీట కూడా పెట్టాడు, నొక్కగానే తెర ఖాళీ.

"గా మీట పొద్దుకు యాభైసార్లు నొక్కాల్నా?" మూతి ముడిచింది భాగ్యశ్రీ.

"నొక్కాలె. గా మీట మాత్రం తియ్య."

ఆమె అతనివైపు ఓ క్షణం చూసింది. "గిట్ల మొదటి రోజే అని ఉంటె ఎంత బాగుండె సార్."

"మీరు నవ్వుతరన్న ఆశ మీద అనలేకపోయిన."

భాగ్యశ్రీ గిరుక్కున తెర వైపు తిరిగింది. టైప్ చేయడానికి ఆమె ముందు పేషెంటే లేడు.

నీల తన సంగతి అఖిలేశ్‌కు తనే చెప్పింది. అతను ఆమెతో కలిసి దవాఖానకు వచ్చాడు. నీల సరేనన్నాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి అన్నీ విడమరిచి చెప్పింది. పోయేటప్పుడు నీల కౌంటర్ మీద రెండు లగ్గం కార్డులు పెట్టి, "ఇద్దరు ఒక్క బస్సులనే రాండ్రి" అంది.

ఆ పెళ్లికి వెళ్లే బస్సులోనే నగేశ్ అడిగాడు. కిటికీ అద్దం మీద వాన, బయట కాలువ నీళ్లతో నిండిన వరిమళ్లు. పక్క సీట్లో ఎర్రటి పట్టుచీర.

"భాగ్యశ్రీ గారూ, నాకు మీరంటే ఇష్టం. మా నాయనను మీ ఇంటికి తోల్కరావాల్నా?"

"ఇంత సీదా అడుగుతరా ఎవరన్నా?"

"దాచి ఒకసారి చూసిన. మంచిగ కాలే."

ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఐతారం రాండ్రి. మా అమ్మతోని మాత్రం పైలం, చూసుకొని మాట్లాడుండ్రి."

ఆదివారం పోచన్న ఉతికిన ధోవతి కట్టుకుని కొడుకు వెనకే వచ్చాడు. అంత మంచి కుర్చీలో కూర్చోవడానికి జంకుతుంటే భాగ్యశ్రీ తల్లి భూమవ్వే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆ ఒక్క పనికే నగేశ్ ఆమెకు జీవితాంతం రుణపడిపోయాడు.

"బిడ్డా, మస్తు సంబంధాలొస్తున్నయి. నీకే ఎందుకియ్యాలె?"

తను చదివిన చదువు, చేసే ఉద్యోగం చెబుదామని ఇంటి దగ్గర అనుకుని వచ్చాడు. అవేవీ నోటికి రాలేదు.

"నేను తప్పు చేసిన అవ్వా. ఆమె కుర్చీ పోయేటట్టుండె. అయినా నన్నేమనొద్దని నా పక్కన నిలవడ్డది. గసుంటి మనిషి దగ్గర జిందగీల ఏదీ దాచకుండ బతకాలని ఉంది."

తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. పోచన్న కొడుకును కొత్తగా చూస్తున్నాడు. భూమవ్వ నగేశ్ ముఖంలోకి చూసింది, పోచన్న కాయలు కాసిన చేతులకేసి చూసింది, వాకిట్లో పడుతున్న వానను చూసింది. ఎంతసేపైనా ఆలోచించుకోనీ అనుకుని నగేశ్ కదలకుండా కూర్చున్నాడు.

చివరికి ఆమె లోపలికి కేకేసింది.

"భాగ్యా, అన్నం ఎక్కువ పెట్టు బిడ్డా. వియ్యంకుడు తిని పోతడు."