పదిహేడో నంబరు మామిడి

పెదబయలు పోయే దారిలో గెడ్డ మలుపు ఉంది చూశారూ, అక్కడ పొద్దుగూకాక బండి ఆపకండి. ఎంత అవసరమొచ్చినా సరే, బిగబట్టుకుని పోండి, నా మాట వినండి! ఆ మలుపులో పాత మామిడి మాను ఏడుస్తుందని పేరు. ఆడమనిషి గొంతు... సన్నగా... నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చినట్టు.

నేను వినలేదు. విన్నవాడు ఫల్గుణ, ఆ కొండమీది కాఫీతోటల వాడే. మా కొట్లో టీ తాగుతూ చెప్పాడు. చెప్తుంటే సగం టీ నా బల్ల తాగింది!

సంగతేంటంటే — రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కొట్టేసే చెట్లకి తెల్లరంగుతో నంబర్లు వెయ్యాలి. ఆ పని ఫల్గుణకి ఇచ్చారు. మామిడికి పదిహేడు వేశాడు. తెల్లారేసరికి నంబరు లేదు. మళ్ళీ వేశాడు... మళ్ళీ లేదు. మూడోసారి వేయించి, మేస్త్రీ ఇంతెత్తున లేచాడు.

"రేపు పొద్దున్నే మిషనొస్తాది. నంబరున్న చెట్టునే కోస్తారు. రాత్రంతా దాని కిందే కూకో."

"ఒక్కడినేనా బాబూ?"

"ఒక్కడివేటిరా, దెయ్యం ఉంటాది కదా తోడు!"

కూర్చున్నాడు. చీకటి... మంచు... గెడ్డ నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. రాత్రి చాలా గడిచాక — మొదలైంది ఏడుపు.

నలుగురు చేతులు కలిపినా అందని మాను అది. దాని అవతల గర్... గర్... ఎవరో బెరడు గీరుతున్నారు. ప్రాణం ఉగ్గబట్టుకుని మాను చుట్టూ తిరిగి, సెల్లు లైటు వేశాడు.

జుట్టు విరబోసుకుని, చేతిలో కత్తితో — వాడి కన్నతల్లి రాజులమ్మ!

"అమ్మా! ఏటి సేత్తన్నావు?"

"లైటార్పరా గుంటడా!" గుసగుసగా కసిరింది. "కొత్తమామిడి పండక్కి తొలికాయ మీ అయ్యకి ఈ మొదట్లోనే కదరా పెడతాం. సచ్చినోడు యాడాదికోపాలి వచ్చి తింటాడు. ఇది పడిపోతే యాడకొస్తాడు? నంబరు ఏసినోడివి నువ్వే. నువ్వే సెప్పు..."

ఫల్గుణ కత్తి లాక్కుని తనే గీరాడు. ఆమె మట్టి తడిపి పూసింది. "బేగి, బేగి..." అంటూనే ఉంది. వాడి అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి పదిహేడు పోయింది. ఏడుపూ ఆగింది.

"పోయిందిలే. ఇంక ఏడవకే అమ్మా."

రాజులమ్మ వాడి మొహంలోకి చూసింది.

"నేనెక్కడ ఏడిసినాన్రా? ఏడిసేది... నువ్వనుకున్నాను."

అంతలో మలుపు దిగువన, పద్దెనిమిదో నంబరు పనసచెట్టులోంచి సన్నగా మొదలైంది. పక్కనున్న చింతచెట్టు అందుకుంది. ఆ పక్కది... ఆ పక్కది... గెడ్డ పొడుగునా.

యాభైమూడు దాకా వేశాడు వాడు నంబర్లు.

తూర్పున కొండ తెల్లబడుతోంది. ఉన్నది ఒక్కటే కత్తి.