కర్పూరం ఆరలేదు

గ్యాస్ టెస్ట్ ఇంజనీర్ ప్రభుకుమార్ శవం నక్కపల్లి దగ్గర హైవే పక్కన దొరికింది. అతని టెస్టింగ్ కిట్ మాత్రం దొరకలేదు.

"గ్రే ఫాల్కన్ ముఠా పని," అన్నాడు చీఫ్. "టార్గెట్ నర్సీపట్నం కొత్త సబ్‌స్టేషన్. కొండమీది మన సీక్రెట్ రాడార్‌కి కరెంటు అక్కణ్ణుంచే. ఈ రోజే ఛార్జింగ్, మొదటిసారి కరెంటు వదుల్తారు. షైని ముందే వెళ్లింది."

ఏజెంట్ వీరేంద్ర తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. షైని అతని పార్ట్‌నర్. వచ్చే నెల భార్య.

ఎలక్ట్రీషియన్ వేషంలో అతను చేరేసరికి ముసలి ఆపరేటర్ మంగరాజు, లైనుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్ బ్రేకర్‌కి బొట్లు పెట్టి కర్పూరం సిద్ధం చేస్తున్నాడు. పూజ లేనిదే అక్కడ స్విచ్ వెయ్యరు.

"బ్రేకర్‌లో గ్యాస్?" అని షైనిని అడిగాడు వీరేంద్ర.

"నేనే చెక్ చేశాను. ప్యూర్ ఎస్.ఎఫ్. సిక్స్," అంది షైని. "గాలికన్నా మూడింతలు వోల్టేజి తట్టుకుంటుంది. ప్రెషర్ చూడు, కరెక్ట్." గేటు వైపు నడిచింది. "నేను చర్చి మనిషిని. పూజ అయ్యాక వస్తా."

మంగరాజు నవ్వాడు. "అదేటి బాబూ! మొన్న ట్రాన్స్‌ఫార్మర్ పూజలో హారతి కళ్లకద్దుకుని, ఇంకో కొబ్బరిముక్క ఎట్టమన్నారు కదా మేడమ్ గారు!"

అయితే చర్చి ఒట్టి సాకు. వీరేంద్ర ప్రెషర్ మీటర్ వైపు తిరిగాడు. మీటర్ ప్రెషర్‌నే చూపిస్తుంది. లోపలున్నది ఏ గ్యాసో చెప్పదు. అది మామూలు గాలైతే, స్విచ్ పడగానే బ్రేకర్ బాంబులా పేలుతుంది. పక్కన నిలబడేది మంగరాజు, తను.

"బకెట్టు తెండి, త్వరగా!"

"ఇప్పుడు బకెట్టెందుకండీ?"

"అసలు గ్యాస్ బరువైంది. అడుగున నిలిచి మంటని ఆర్పేస్తుంది." వాల్వ్‌కి ట్యూబ్ తగిలించి బకెట్‌లోకి మెల్లగా వదిలాడు. వెలిగించిన కర్పూరాన్ని పళ్లెంతో సహా దించాడు.

కర్పూరం ఆరలేదు. హాయిగా వెలుగుతోంది.

"ముహూర్తం అయింది! త్రీ... టూ..." అంది కంట్రోల్ రూమ్ మైకు.

వీరేంద్ర బ్రేకర్ పెట్టె తెరిచి, 'రిమోట్' మీదున్న నాబ్‌ని 'లోకల్'కి తిప్పేశాడు. ఇక కంట్రోల్ రూమ్ స్విచ్ ఇక్కడ పనిచెయ్యదు.

"వన్!"

ఏమీ కాలేదు.

వీరేంద్ర పరుగెత్తి, గేటు బయట ఆటో ఎక్కబోతున్న షైని చెయ్యి పట్టుకున్నాడు.

"నేను అక్కడే నిలబడతానని తెలుసుగా?"

"తెలుసు." ఆమె తల దించలేదు. "నువ్వు ప్రతిదీ చెక్ చేస్తావు వీరూ. నన్ను తప్ప."

అతను జేబులో చెయ్యి పెట్టాడు. సంకెళ్లు తీసి ఆమె చేతులకి వేశాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "గుడ్ జాబ్! నీ పెళ్లి సెలవు సాంక్షన్ చేశాను."

"క్యాన్సిల్ చెయ్యండి సార్. పెళ్లికూతురికి బెయిలు దొరకదు."